కాచుకోవద్దన్న గురువులే నాలుగు కాపులు నేర్పారు: జర్మన్ కత్తిసాములో ఒక చిక్కుముడి

మధ్యయుగపు జర్మన్ కత్తిసాముకు మూలపురుషుడిగా చెప్పే యోహానెస్ లీష్టెనావర్ పేరిట కొన్ని పద్యాలు మిగిలాయి. వాటిలో పక్కపక్కనే ఉన్న రెండు ద్విపదలు ఈ విద్య నేర్చుకునేవారిని ఇప్పటికీ తికమక పెడుతున్నాయి. కాపులు, అంటే వచ్చే దెబ్బను కాచుకునే పద్ధతులు, నాలుగు ఉన్నాయనీ, అవి ఎదుటివాడి భంగిమలను బాగా దెబ్బతీస్తాయనీ మొదటి ద్విపద చెబుతుంది. కాచుకోవడంతో జాగ్రత్త, ఆ అవసరం నీకు పడిందా, తిప్పలు తప్పవని ఆ వెంటనే వచ్చే రెండోది హెచ్చరిస్తుంది. రెండింటిలోనూ వాడిన జర్మన్ మాట ఒక్కటే: ఫెర్‌జెట్సెన్. వస్తున్న ఆయుధానికి అడ్డుపడి దాన్ని దారి తప్పించడమని దాని అర్థం.

పాత ఐరోపా కత్తిసాము మీద ఆసక్తి పెరిగాక, ఈ రెండో ద్విపద ఒక్కటే బయటికి వచ్చి ఊరూరా తిరుగుతోంది. జర్మన్ గురువులు కాచుకోవడాన్ని నిషేధించారని వీడియోల్లో ధీమాగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. సినిమాలు చూసినవారికేమో కత్తికి కత్తి అడ్డం పెట్టి ఖణేల్, ఖణేల్‌మని పది నిమిషాలు కొట్టుకోవడమే కత్తియుద్ధం. ఈ రెండు అభిప్రాయాలూ మూలగ్రంథాల ముందు నిలవవు. ఎందుకు నిలవవో చూడాలంటే, ముందు ఆ పద్యాలు ఎక్కడివో, ఆ కత్తి ఎలాంటిదో కొంచెం తెలియాలి.

## పద్యాలు ఒకరివి, వ్యాఖ్యానాలు వేరొకరివి

లీష్టెనావర్ పద్నాలుగో శతాబ్దంవాడని సాధారణంగా అంగీకరిస్తారు. ఆయన స్వయంగా రాసిన పుస్తకమేదీ మిగల్లేదు. మిగిలినవి కంఠస్థం చేయడానికి వీలుగా కూర్చిన పద్యాలు, వాటిని విప్పి చెప్పే వచన వ్యాఖ్యానాలు. పద్యాలు కావాలనే గూఢంగా ఉంటాయి. విద్య అందరి చేతిలో పడి చులకన కాకూడదని గురువు మాటలను దాచి చెప్పాడని వ్యాఖ్యాతలే రాశారు. అందువల్ల పద్యం ఒక్కటే చదివి తీర్పు చెప్పడం ఈ విద్యలో మొదటి నుంచీ కుదరని పని.

నూరెంబర్గ్‌లో భద్రపరచిన 3227ఎ అనే రాతప్రతిని చాలాకాలం 1389 నాటిదని అనుకున్నారు. ఇంకొంత తర్వాతిది కావచ్చని ఇప్పుడు కొందరు పరిశోధకులు అంటున్నారు. పదిహేనో శతాబ్దంలో సిగ్మండ్ రింగెక్ పేరుతో ఒక వ్యాఖ్యానం వచ్చింది. పేటర్ ఫన్ డాన్‌సిగ్ పేరుతో ప్రసిద్ధమైన సంకలనం 1452 నాటిది, రోమ్‌లో ఉంది. ఆ తర్వాత 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో యోఆఖిమ్ మైయర్ బొమ్మలతో సహా ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. మొదటి రాతప్రతికీ మైయర్‌కూ మధ్య నూటయాభై నుంచి నూట ఎనభై ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత కొంతకాలానికి ఈ సంప్రదాయం తెగిపోయింది. ఇప్పుడు సాధన చేసేవారందరూ పుస్తకం నుంచి చేతికి తెచ్చుకున్నవారే. అర్థం చెప్పడంలో భేదాలు ఇన్ని ఉండటానికి అదే అసలు కారణం.

## కత్తిలో ఎక్కడ బలం, ఎక్కడ బలహీనం

ఈ గ్రంథాల్లో ప్రధాన ఆయుధం రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి. పొడవు మీటరుకు పైగా ఉంటుంది, బరువు సాధారణంగా కిలోన్నర అటూ ఇటూ. సినిమాల్లో చూపినట్టు మోయలేని ఇనుపదిమ్మె కాదు. దానికి రెండు వాదరలు, అంటే పదును అంచులు. పట్టుకున్నప్పుడు వేళ్ల కణుపుల వైపు, అంటే ఎదుటివాడి వైపు ఉండేది పొడుగు వాదర. మనవైపు తిరిగి ఉండేది పొట్టి వాదర. రెండు వాదరల మధ్య వెడల్పు భాగాన్ని ఈ వ్యాసంలో పలక అందాం. ఆ కత్తితో చేయగలిగే గాయాలు మూడు రకాలని గురువులు చెప్పారు: వేటు, పోటు, కోత.

అలుగును, అంటే పిడి కాక మిగిలిన కత్తిని, వాళ్లు రెండు భాగాలు చేశారు. పిడి దగ్గరి అడ్డకమ్మీ నుంచి నడిమి దాకా బలం, నడిమి నుంచి మొన దాకా బలహీనం. ఇది కేవలం తులాదండ సూత్రం. తలుపును బందుల దగ్గర నెడితే కదలదు, అవతలి చివర నెడితే చిటికెన వేలితో కదులుతుంది. కత్తి పట్టిన చేతులే ఇక్కడ బందులు. ఎదుటివాడి కత్తి మొన దగ్గర నా కత్తి పిడి దగ్గరి భాగం ఆనితే, వాడు నాకంటే రెండింతలు బలశాలి అయినా వాడి కత్తి పక్కకు పోతుంది. కాచుకునే పద్ధతులన్నీ చివరికి ఈ ఒక్క విషయాన్ని రకరకాలుగా వాడుకోవడమే: వాడి బలహీనం మీదికి నా బలాన్ని తీసుకెళ్లడం, ఆ పని చేస్తుండగా నా మొన వాడి వైపే ఉండేలా చూసుకోవడం. రెండో సగాన్ని మరిచిపోతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

## ఉత్తి కాపు ఎందుకు ఓడిపోతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. రామయ్య, సోమయ్య ఎదురెదురుగా నిలబడ్డారు. రామయ్య కుడి భుజం మీది నుంచి తలకు వేటు వేశాడు. సోమయ్య కత్తిని తల మీద అడ్డంగా ఎత్తి పట్టాడు. వేటు ఆగింది. సోమయ్యకు గాయం కాలేదు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? సోమయ్య కత్తి మొన పక్కకు చూస్తోంది, రామయ్యకు దానివల్ల ఏ భయమూ లేదు. రామయ్య కత్తి తగిలిన ఊపుతోనే లేచి, రెండో వైపు నుంచి తిరిగి రావచ్చు, కిందికి పోవచ్చు, మొన ముందుకు తోయవచ్చు. ఏది చేయాలో ఎంచుకునేది రామయ్య. దాన్ని కంటితో చూసి, గుర్తించి, అప్పుడు కదలాల్సింది సోమయ్య. రెండో వేటును ఎలాగో ఆపినా మూడోది ఉంది. సోమయ్య ప్రతిసారీ గెలవాలి, రామయ్యకు ఒక్కసారి గెలిస్తే చాలు. నూరెంబర్గ్ రాతప్రతి రాసినవాడు చేసిన వాదన సారాంశం ఇదే: కొట్టేవాడికంటే కాచుకునేవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

దీన్ని వివరించడానికి ఆ గురువులు మూడు కాలాలు చెప్పారు. ఫోర్ అంటే ముందు: పని మొదలుపెట్టి ఎదుటివాడిని జవాబు చెప్పే స్థితిలోకి నెట్టడం. నాఖ్ అంటే తర్వాత: వాడు మొదలుపెట్టినదానికి జవాబు చెప్పుకోవలసి రావడం. మూడోది ఇన్‌డెస్, మన మాటల్లో అంతలోనే: వాడి పని ఇంకా పూర్తికాకముందే, ఆ పని నడుస్తుండగానే మన పని జరిగిపోవడం. సోమయ్య 'తర్వాత'లో చిక్కుకున్నాడు, అక్కడే ఉండిపోయాడు. 'తర్వాత'లో పడటం ఎవరికైనా జరుగుతుంది. అక్కడి నుంచి 'అంతలోనే' అనే వంతెన మీదుగా తిరిగి 'ముందు'కు రావడం ఎలాగన్నదే ఈ విద్యలో సగం. మిగిలిన సగం మొదటే అక్కడికి పోకుండా చూసుకోవడం.

ఉత్తి కాపుకు ఇంకో ప్రమాదం ఉంది. భయపడినవాడి కళ్లు మనిషిని వదిలి కత్తిని వెతుకుతాయి. అలాంటివాడి కోసమే గురువులు ఒక ఉపాయం పెట్టుకున్నారు, పేరు దుర్ష్‌వెక్సెల్న్. వేటు వేస్తున్నట్టు వచ్చి, వాడి కత్తి తగలబోయే ముందు మొనను కిందుగా జార్చి, అవతలి వైపు పైకి తెచ్చి పొడవడం. శరీరాన్ని కాకుండా కత్తినే కొట్టే అలవాటు ఉన్నవాళ్ల మీద దీన్ని వాడమని వ్యాఖ్యానాలు స్పష్టంగా చెబుతాయి. అడ్డం పెట్టిన కత్తికి తగలాల్సినది అక్కడ ఉండదు. కాపు గాలిలో పోతుంది, పోటు దిగుతుంది.

## నాలుగు భంగిమలు, వాటిని విరిచే నాలుగు వేట్లు

ఇప్పుడు మొదటి ద్విపదకు వద్దాం. లీష్టెనావర్ ముఖ్యంగా చెప్పిన భంగిమలు నాలుగే. పేర్లు పల్లె వాసన వేస్తాయి. ఎద్దు, అంటే ఓక్స్: పిడి తల పక్కన, మొన కొమ్ములా ఎదుటివాడి ముఖం వైపు. నాగలి, అంటే ప్‌ఫ్లూగ్: పిడి నడుము దగ్గర, మొన పైకి చూస్తూ. వెర్రివాడు, అంటే ఆల్బెర్: మొన నేల వైపు దించి, తల భుజాలు తెరిచి పెట్టి, రమ్మని పిలిచినట్టు. నాలుగోది ఫోం టాగ్: కత్తి భుజం మీదో తల పైనో ఎత్తి, పై నుంచి వేటుకు సిద్ధంగా.

ఈ నాలుగింటికీ నాలుగు విరుగుళ్లు చెప్పారు. ఎద్దుకు వంకర వేటు, క్రుంప్‌హావ్. నాగలికి మెల్లకన్ను వేటు, షీల్‌హావ్. వెర్రివాడికి పాపిట వేటు, షైటెల్‌హావ్. ఎత్తి పట్టిన నాలుగో భంగిమకు అడ్డ వేటు, త్స్వెర్ష్‌హావ్. పద్యంలోని 'నాలుగు కాపులు' ఇవే. కాపు అని పేరు పెట్టి చేతికి వేటును ఇచ్చారు. ఈ నాలుగు వేట్లతోనే ఆ నాలుగు కాపులూ జరుగుతాయనీ, చేతకాని సాముగాళ్లు చేసే కాపులతో జాగ్రత్తగా ఉండాలనీ వ్యాఖ్యాతలు విడమరిచారు. వాడు కొడితే నువ్వూ కొట్టు, వాడు పొడిస్తే నువ్వూ పొడువు అన్నది వాళ్ల సూత్రం.

అడ్డ వేటును నిదానంగా చూస్తే ఈ సూత్రం కళ్లకు కడుతుంది. రామయ్య కత్తిని పైకెత్తి తలకు వేటు దింపుతున్నాడు. సోమయ్య కుడికాలితో తన కుడివైపుకు, ఏటవాలుగా ముందుకు దూకాడు. దూకుతూ పట్టును తిప్పాడు, బొటనవేలు అలుగు పలక కిందికి వచ్చింది. పిడిని తలకు ముందుగా ఎత్తాడు. కత్తిని అడ్డంగా, పొట్టి వాదర ముందుండేలా విసిరాడు. రామయ్య వేటు దిగి దిగి సోమయ్య కత్తిలో అత్యంత బలమైన చోట, అడ్డకమ్మీ పక్కన పడింది. అదే క్షణంలో సోమయ్య కత్తి మొనవైపు సగం రామయ్య ఎడమ కణతకు చేరింది. ఇక్కడ కాచుకోవడం ఎక్కడ ముగిసింది, కొట్టడం ఎక్కడ మొదలైంది అని అడిగితే జవాబు లేదు. రెండూ ఒకే కదలికకు రెండు చివరలు. పిడి వైపు చివర కాచింది, మొన వైపు చివర కొట్టింది.

పాపిట వేటు వెనుక ఉన్నది రేఖాగణితం. భుజం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉందనీ, చాచిన చేతులు, కత్తి కలిపి అక్కడి నుంచి 1.6 మీటర్లు అందుతాయనీ అనుకుందాం. భుజం ఎత్తులో ఉన్న గురికి ఆ మనిషి పూర్తి 1.6 మీటర్లు అందుకుంటాడు. నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉన్న మోకాలికి గురిపెడితే 0.9 మీటర్లు కిందికి దిగాలి. పైథాగరస్ లెక్క వేస్తే ముందుకు అందేది సుమారు 1.32 మీటర్లే. అంటే 28 సెంటీమీటర్లు పోయాయి. కాబట్టి ఎదుటివాడు కాలికి కొడితే కింద కత్తి అడ్డం పెట్టాల్సిన పని లేదు. కాలు వెనక్కి లాగి పై నుంచి తలకు కొడితే వాడిది అందదు, మనది అందుతుంది. కత్తికి కత్తి తగలకుండానే కాపు జరిగిపోయింది. ఇలాంటి సందర్భాన్ని విడిగా యూబర్‌లావ్‌ఫెన్ అనే పేరుతో కూడా నేర్పారు.

మిగిలిన రెండూ క్లుప్తంగా. వంకర వేటులో చేతులు అడ్డంగా దాటించి, పక్కకు అడుగేసి, ఎద్దు భంగిమలో పైకి ఎత్తి ఉన్న చేతుల మీదికి మొన విసురుతారు. మెల్లకన్ను వేటు పొట్టి వాదరతో వాడి కత్తిని అణిచేస్తూనే భుజానికో మెడకో పోతుంది.

## కత్తులు తగులుకున్నాక అసలు పని

ఈ సంప్రదాయంలో నాకు అన్నింటికంటే లోతుగా కనిపించే భాగం ఇదే, అందుకే కొంచెం ఆగుతాను. నాలుగు విరుగుళ్లకు చేరని అయిదో వేటు ఒకటుంది: కోపపు వేటు, త్సోర్న్‌హావ్. కోపం వచ్చిన ఎవడైనా కుడి భుజం మీది నుంచి ఏటవాలుగా వేసే సహజమైన వేటు. పామరుడి చేతిలోని ఈ వేటునే గురువులు ఆయుధంగా మలిచారు.

రామయ్య కుడి భుజం నుంచి తలకు కొట్టాడు. సోమయ్య కూడా కుడి భుజం నుంచి, అలాగే, వాడి వేటులోకి బలంగా కొట్టాడు. రెండు అలుగులూ నడిమిన కొట్టుకుని ఆనుకున్నాయి. దీన్ని బిండెన్, అంటే కట్టు అంటారు. వేటు ఆగింది. సోమయ్య ఉత్తి కాపు పట్టినవాడైతే కథ ఇక్కడ ముగిసేది. కానీ వాడి కత్తి మొన రామయ్య ముఖం ఎదుటే ఉంది, జానెడో మూరెడో దూరంలో. బెదిరింపు నిలిచే ఉంది. ఇక్కడి నుంచి మూడు దారులు.

రామయ్య కత్తి మెత్తగా ఆనింది, గట్టిగా నెట్టడం లేదు. అయితే మొనను నేరుగా ముఖంలోకో రొమ్ములోకో తోసెయ్యడమే.

రామయ్య మొనను గమనించాడు, భయపడి సోమయ్య కత్తిని బలంగా పక్కకు నెట్టాడు. అప్పుడు సోమయ్య ఎదురు నెట్టడు. తన కత్తిని వాడి అలుగు వెంబడే పైకి జార్చి విడిపించి, అవతలి వైపు నుంచి తలకు కొడతాడు. రామయ్య నెట్టిన బలానికి ఎదురు లేకపోయేసరికి వాడి కత్తి ఆ ఊపుతోనే పక్కకు పోతుంది. కాచుకోవాలన్న ఆత్రమే వాడి తలుపు తెరిచింది.

రామయ్య నెట్టలేదు, లొంగలేదు, గట్టిగా నిలిచాడు. సోమయ్య కట్టును వదలకుండా పిడిని పైకెత్తి, కత్తిని తిప్పి, తన బలాన్ని వాడి బలహీనం మీదికి తెచ్చి, పై నుంచి మొనను ముఖానికి దించుతాడు. ఇది విండెన్, మెలి తిప్పడం.

ఏ దారి పట్టాలో కంటితో చూసి తేల్చుకునే సమయం ఉండదు. ఆనుకున్న ఉక్కు ద్వారా చేతికి తెలిసే ఒత్తిడే చెప్పాలి. దీనికి ఫ్యూలెన్, స్పర్శ, అని పేరు పెట్టి గురువులు పదేపదే చెప్పారు. మెత్తనకు గట్టి, గట్టికి మెత్తన అన్నది నియమం. కాచుకోవడమంటే వేటును ఆపడమని అనుకునేవారు ఈ క్షణాన్ని ముగింపుగా చూస్తారు. జర్మన్ గురువులకు ఇది మొదలు.

పోటు వచ్చినప్పుడు చేసే పనికి అబ్‌జెట్సెన్ అని పేరు. నాగలి భంగిమలో కుడి పక్కన నిలబడి, ఎడమ వైపు కావాలనే తెరిచి ఉంచుతారు. వాడు అక్కడికి పొడిస్తే కత్తిని ఎడమకు తిప్పి వాడి పోటును పక్కకు పోనిచ్చి, కుడికాలు ముందుకు వేస్తూ తానే పొడుస్తారు. చేతి కదలిక చాలా చిన్నది. మొన మాత్రం ఒక్క క్షణం కూడా వాడి మీది నుంచి తప్పదు.

## మరి ఆపి, ఆ తర్వాత కొట్టడం తప్పా?

ఇక్కడే సాధకులు రెండు వర్గాలుగా చీలిపోయారు. కాపు, వేటు ఒకే కదలికలో లేకపోతే అది లీష్టెనావర్ విద్యే కాదని ఒక వర్గం అంటుంది. వ్యాఖ్యానాల్లోని మాటలు వాళ్లకు గట్టి ఆధారం.

రెండో వర్గం అదే ద్విపదను ఇంకోలా చదువుతుంది. పద్యం కాచుకోవడాన్ని నిషేధించలేదు. అవసరం పడితే కష్టమని చెప్పింది, అంటే అవసరం పడుతుందని ఒప్పుకుంది. ఆ వెంటనే, నీ వేటును ఎవరైనా కాచుకుంటే ఏం చేయాలో కూడా చెప్పింది. ఇంకో సాక్ష్యం ఒంటిచేతి కత్తి మెస్సర్ గురించి యోహానెస్ లెక్యుష్నర్ రాసిన గ్రంథం. 1482 నాటి దాని రాతప్రతి మ్యూనిక్‌లో ఉంది. అందులో విల్లు, అంటే బోగెన్, అనే కాపు ఉంది. దానితో వేటును కాచుకుని, అక్కడి నుంచి తర్వాతి పనులకు పోవడం ఆయన నేర్పాడు. ఇక 1570లో మైయర్ ఈ విషయాన్ని నేరుగా విడదీశాడు. కాపు రెండు రకాలు. ఒకటి ప్రత్యేక లాభమేదీ లేకుండా, ఎక్కువగా భయంతో, వచ్చిన దెబ్బనల్లా పట్టుకోవడం. రెండోది ఎదుటివాడికి హాని చేసే కాపు. ఆ హాని కాపుతోపాటే కావచ్చు, లేదా కాపు పట్టి వెంటనే తెరిచిన చోటికి కొట్టడం కావచ్చు. రెండూ ఒకేసారి జరగడాన్ని పూర్వులు మెచ్చుకున్నారని ఆయనకు తెలుసు. అయినా రెండు అడుగుల పద్ధతిని ఆయన తోసిపుచ్చలేదు.

పోటీ బరిలో దిగేవారికి ఇంకో చేదు అనుభవం ఉంది. వాడి వేటులోకి నేనూ వేటు వేయడం కోణం సరిగ్గా కుదిరితే అద్భుతం. రెండు వేళ్ల మేర తప్పితే ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. నిజమైన కత్తులైతే రెండు శవాలు. అందుకే చాలామంది ముందు ఆపి, తర్వాత కొడతారు. దీనికి మొదటి వర్గం చెప్పే జవాబునూ తేలిగ్గా తీసుకోకూడదు. ముసుగు, మందపాటి కోటు వేసుకున్నవాడికి మొన భయం ఉండదు, ముఖం ముందు కత్తి ఉన్నా దూకుతాడు. ప్రాణభయం ఉన్నవాడు అలా దూకడు. కాబట్టి బరిలో పని చేయని ఉపాయం వీధిపోరులోనూ పని చేసేది కాదని చెప్పలేం.

మైయర్ కాలపు పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన మార్క్స్‌బ్రూడర్ సాముగాళ్ల సంఘానికి 1487లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ అధికార పత్రం ఇచ్చాడు. నగరాల్లో ఫెష్ట్‌షూలె అనే బహిరంగ పోటీలు జరిగేవి. వాటిలో ఎదుటివాడి తలమీద అందరికంటే ఎత్తున గాయం చేసి రక్తం చిందించినవాడిది పైచేయి. పొడుగు కత్తితో పొడవడం జర్మన్లలో మానేశారని మైయరే రాశాడు. ఇప్పుడు కోపపు వేటును మళ్లీ తలుచుకోండి. ముఖం ముందు నిలిచిన మొనే ఆ ఉపాయానికి ప్రాణం. పొడవడం లేని ఆటలో ఆ మొనకు ఎవరు భయపడతారు? అప్పుడు కత్తిని కాచి, తిప్పి, వేరే వైపు కొట్టడమే పెద్ద పని అవుతుంది. మైయర్ కాపు పాతవారి కాపు కంటే వేరుగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. అదే నిజమైతే గురువుల మధ్య ఉన్నట్టు కనిపించే విరోధంలో కొంత భాగం పోటీ నియమాలది.

ఉన్న ఆధారాలన్నీ చూస్తే, గురువుల కోపం వెనుక ఏమీ లేని కాపు మీద, ఆపి ఊరుకునే కాపు మీద అని నాకు అనిపిస్తుంది. ఆపినప్పుడు మొన ఎదుటివాడి వైపు ఉండి, తర్వాతి పని వాడికి కాక మనకు దక్కితే, అది రెండు అడుగుల్లో జరిగినా ఆ సంప్రదాయానికి పరాయిది కాదు.

## వాదరతో కాచాలా, పలకతోనా?

ఇంకో పాత వివాదం. వాదరకు వాదర కొడితే గంట్లు పడి కత్తి పాడైపోతుందనీ, అందుకే పాతవాళ్లు పలకతోనే కాచేవారనీ ఒక వాదం ఉంది. వాదరలు లంబంగా కొట్టుకుంటే గంట్లు పడతాయి, అందులో సందేహం లేదు. అయితే అలుగు పలక దిశలో వంగుతుంది, వాదర దిశలో బిగుసుగా ఉంటుంది. పలకతో బరువైన వేటును ఆపబోతే కత్తి ఊగుతుంది, మణికట్టు కూడా ఆ కోణంలో బలహీనం. గ్రంథాలు పొడుగు వాదర, పొట్టి వాదర అని చాలాచోట్ల పేరుపెట్టి చెబుతాయి. పలకతో పట్టమని చెప్పే సందర్భాలు కూడా ఉన్నాయి, ముఖ్యంగా మైయర్‌లో. వంకర వేటు పద్యమైతే గురువుల పలకల మీద కొట్టి వాళ్లను బలహీనపరచమంటుంది. అంటే నా వాదర, వాడి పలక. ఎవరి వాదర, ఎవరి పలక అన్న భేదం చూడకుండా ఒకే నియమం చెప్పబోతే ఏదో ఒక చోట గ్రంథం అడ్డు తిరుగుతుంది. పైగా ఇక్కడ కత్తులు లంబంగా కాక ఏటవాలుగా కలుస్తాయి కాబట్టి గంటు పడే ప్రమాదమూ తగ్గుతుంది.

ఈ వివాదానికి అనుకోని వైపు నుంచి కొంత వెలుగు వచ్చింది. రాఫయెల్ హెర్మన్, సహపరిశోధకులు 2020లో కంచుయుగపు కత్తుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పాతపద్ధతిలో పోతపోసిన కంచు కత్తులతో సాధకుల చేత ఒక్కో కదలికా చేయించి, ఏ కదలిక ఎలాంటి మచ్చ వదులుతుందో నమోదు చేశారు. ఆ మచ్చలను బ్రిటన్, ఇటలీలలో దొరికిన 110 ప్రాచీన ఆయుధాల మీది రెండున్నర వేలకు పైగా మచ్చలతో పోల్చారు. కత్తిని కత్తితో పట్టి అదుపు చేసే కదలికను చెప్పడానికి వాళ్లు అరువు తెచ్చుకున్నది మన ఫెర్‌జెట్సెన్ అనే మాటనే. కంచు ఉక్కు కంటే మెత్తన కాబట్టి ఫలితాలను నేరుగా పొడుగు కత్తికి అంటగట్టలేం. కానీ అరిగిన వాదరను చూసి అది ఏ కదలిక వల్ల అరిగిందో చెప్పవచ్చని ఆ పద్ధతి చూపింది.

## మొద్దు కత్తి ఒకలా, పదును కత్తి ఇంకోలా

సాధనలో వాడే మొద్దు కత్తిని ఫెడర్ అంటారు. అలుగు సన్నగా, పోటుకు వంగేలా ఉంటుంది. పిడి దగ్గర రెక్కల్లాంటి వెడల్పు భాగం ఉంటుంది. రెండు మొద్దు వాదరలు కలిస్తే జారుతాయి. రెండు పదును వాదరలు కలిస్తే ఒకదానినొకటి కొరికి పట్టుకుంటాయి. కోపపు వేటు తర్వాత మెలి తిప్పేటప్పుడు ఈ తేడా పెద్దది. పదును కత్తులతో ఆ కొరికిన చోటే ఇరుసులా నిలుస్తుంది, కత్తి దాని చుట్టూ తిరుగుతుంది, ఒత్తిడి కూడా చేతికి తేటగా తెలుస్తుంది. మొద్దు కత్తులతో కట్టు నిలవక జారి పోతుంది, దాన్ని కండబలంతో నిలబెట్టబోయి చాలామంది ఈ ఉపాయం పనికిరాదని వదిలేస్తారు. అనుభవమున్న సాధకులు పదును కత్తులతో నెమ్మదిగా, ముందే చెప్పుకున్న కదలికలను మాత్రమే చేస్తారు. పూర్తి వేగంతో, ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియకుండా ఆడాలంటే ఫెడర్ తప్ప దారి లేదు. స్పర్శను పదును కత్తి నేర్పుతుంది, కాలాన్ని మొద్దు కత్తి నేర్పుతుంది. ఈ గ్రంథాలు రాసినవారు మాత్రం ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నవాడిని ఉద్దేశించి రాశారు.